ఇలియట్ దొరా, గుల్ల లేని నత్తలూ

మా ఇంట్లో రెండు భాషలు. నాన్నది ధారవాడ వైపు, అమ్మది విశాఖపట్నం, కాపురం మాత్రం ఇక్కడ మహదేవపురలో. వానాకాలం వచ్చిందంటే మా బాత్రూమ్ గోడ మీదికి గుల్ల లేని నత్తలు పాకుతాయి. నల్లగా, జిగురుగా, వేలంత ఉంటాయి. అమ్మ వాటిని నత్తలే అంటుంది గానీ అంటూనే కొంచెం సందేహపడుతుంది, నత్తంటే వీపు మీద గుల్ల ఉండాలి కదా అని. నాన్న బసవన హుళు అంటారు. కన్నడంలో గుల్ల ఉన్న నత్తకి కూడా అదే పేరు. హుళు అంటే పురుగు. మా అజ్జికి ఈ చర్చతో పని లేదు. ఉప్పు డబ్బా తెస్తుంది.

అది నత్తా, పురుగా అన్న మా ఇంటి తగువు నిజానికి చాలా పెద్దవాళ్ళు పడిన తగువు. జీవులన్నిటికీ పేర్లు పెట్టిన లిన్నేయస్, ఎముకల్లేని మెత్తని వాటిని చాలావరకు వర్మీస్, అంటే పురుగులు, అనే ఒకే గంపలో పడేశాడు. 1844లో స్వీడన్‌కి చెందిన లోవెన్ సముద్రపు బురదలో దొరికిన ఒక జీవిని కీటోడెర్మా అన్నాడు. సన్నగా పొడుగ్గా ఉంటుంది, గుల్ల లేదు, పాకే పాదం కూడా లేదు. అది పురుగేనని అప్పట్లో అనుకున్నారు. దాని నోట్లో నత్తలకుండే గరుకు పళ్ళ నాలుక ఉంది, చర్మం నిండా సున్నపు ముళ్ళున్నాయి. అలాంటి వాటికి 1876లో ఇహెరింగ్ అప్లాకోఫోరా అని పేరు పెట్టాడు, అంటే పలకలు లేనివి అని. పురుగు వేషంలో ఉన్న నత్త చుట్టాలన్నమాట. వాటిలో కొన్ని తల కిందికి పెట్టుకుని బురదలోనే బతుకుతాయి, కొన్ని పగడాల లాంటి వాటి మీద పాకుతూ వాటినే తింటాయి. ఇటీవలి జన్యు పరిశోధనలు వీటిని, వీపు మీద ఎనిమిది పలకలుండే కైటన్లకి దగ్గరి బంధువులుగా తేల్చాయి.

ఇదంతా చదువుతూ పోతుంటే గుల్ల లేని మరో రకం సముద్రపు నత్తల జాబితాలో ఒక పేరు దగ్గర ఆగిపోయాను. కళింగ ఆర్నాటా. లాటిన్ పేర్ల మధ్య మన కళింగ ఏమిటి? దొరికిన చోటు విశాఖపట్నం. సేకరించిన మనిషి వాల్టర్ ఇలియట్. ఆ పేరు మనకి చరిత్ర పాఠంలో వచ్చిందే, అమరావతి శిల్పాలు తవ్వించిన దొర.

ఇలియట్ 1803లో ఎడిన్‌బరోలో పుట్టాడు. హేలీబరీ కాలేజీలో చదివి, 1821లో కంపెనీ ఉద్యోగిగా మద్రాసు చేరాడు. కొంతకాలానికే మా నాన్న వాళ్ళ వైపు, దక్షిణ మరాఠా సీమకి బదిలీ అయింది. కలెక్టర్ థాకరే కింద సహాయకుడు. 1824లో కిత్తూరు రాజు చనిపోయాడు. పెంచుకున్న కొడుకుని కంపెనీ వారసుడిగా ఒప్పుకోలేదు, ఖజానాకి ముద్ర వెయ్యడానికి థాకరే సైన్యంతో వెళ్ళాడు. అక్టోబర్ 23న రాణి చెన్నమ్మ మనుషులు కోటలోంచి దూసుకొచ్చారు. థాకరే చనిపోయాడు. ఇలియట్, స్టీవెన్సన్ అనే ఇంకొకతను బందీలుగా దొరికారు. అప్పటికి ఇలియట్‌కి ఇరవై ఒకటి, నాకంటే రెండేళ్ళు పెద్ద. కొన్ని వారాలు ఉంచుకుని చెన్నమ్మ వాళ్ళని ప్రాణాలతో వదిలేసింది. డిసెంబర్లో కంపెనీ పెద్ద సైన్యంతో తిరిగొచ్చి కోట పట్టుకుంది. చెన్నమ్మ బైలహొంగలలో బందీగా ఉండి 1829లో కన్నుమూసింది. వదిలేసినామె చెరలో పోయింది, వదిలించుకున్నవాడు ఇంకా అరవై ఏళ్ళకి పైగా బతికాడు.

ఈ కథ రాత్రి భోజనాల దగ్గర చెప్తే అజ్జి అన్నం కలపడం ఆపేసింది. వాణ్ణెందుకు వదిలారని అడిగింది. నిన్న మొన్న జరిగినట్టే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

చెర నుంచి బయటపడిన మనిషి ఆ నేల మీద కోపం పెట్టుకుంటాడు అనుకుంటాం. ఇలియట్ ఆ ధారవాడ ప్రాంతంలోనే ఉండి కన్నడ శాసనాలు వందల కొద్దీ నకళ్ళు రాయించాడు. చాళుక్యుల చరిత్రకి అవి ముందు ముందు చాలా పనికొచ్చాయి. ఆ సీమలోని జంతువుల జాబితా తయారుచేసి 1839లో అచ్చు వేయించాడు. మన దేశపు చెట్టు మూషికానికి శాస్త్రంలో ఉన్న ఎల్లియోటి అన్న పేరు ఈయనదే. పావురాల చర్మాలు డార్విన్‌కి పంపాడు, డార్విన్ తన జాతుల పుట్టుక పుస్తకంలో ఆ సంగతి కృతజ్ఞతగా రాసుకున్నాడు.

1845లో ఉత్తర సర్కారులకి కమిషనర్‌గా వచ్చాడు. ఇక్కణ్ణుంచి ఆయన అమ్మ వైపు మనిషి. ఆ ఏడాదే అమరావతి దీపాలదిన్నె తవ్వించి, శిల్పాలు మద్రాసుకి తరలించాడు. అవి అక్కడ ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ బయటే పడి ఉన్నాయి. తర్వాత లండన్‌కి వెళ్ళాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, చాలాకాలం వాటిని ఇలియట్ మార్బుల్స్ అనే పిలిచారు. మన ఊరి రాళ్ళకి ఆయన పేరు! అమ్మకి దీని మీద చాలా కోపం. అయితే అంతకు ముందు ఆ దిన్నె రాళ్ళని ఊళ్ళవాళ్ళు ఇళ్ళ కట్టుబడికీ సున్నపు బట్టీలకీ వాడుకున్నారన్నది కూడా నిజమే. అమ్మతో ఆ మాట అంటే నన్ను కూడా దొరల లెక్కలో కలిపేసింది.

రాయికైతే మ్యూజియం ఉంది. సముద్రపు నత్త చచ్చిపోయినా గుల్ల మిగులుతుంది, మనవాళ్ళు ఏరి కాల్చి గుల్ల సున్నం చేస్తారు. గుల్ల లేనిదానికి ఏం మిగులుతుంది?

వాల్టేరు ఒడ్డున ఇలియట్ పట్టుకున్నవి సరిగ్గా అలాంటివి. వీటిని న్యూడిబ్రాంకులు అంటారు, మొప్పలు బయటికే కనిపించేవి అని. గుడ్డులోంచి వచ్చిన పిల్లకి బుల్లి గుల్ల ఉంటుంది. పెరిగే వేళకి అది రాలిపోతుంది. ఆ పైన వీపంతా ఖాళీ. చాలావాటికి వెనకవైపు పువ్వులా విచ్చుకునే మొప్పలు, తల మీద వాసన పట్టే రెండు కొమ్ములు ఉంటాయి. ఒక్కో జీవిలోనే ఆడా మగా రెండూ ఉంటాయి. కవచం లేదని వీటిని తక్కువ అంచనా వెయ్యకూడదు. చాలావాటికి ఒంట్లో చేదు మందు ఉంటుంది, కొన్నయితే తాము తిన్న జీవుల కుట్టే కణాల్ని జీర్ణం చేసుకోకుండా తమ వీపు మీదికి తెచ్చి దాచుకుంటాయి. ఆ రంగులు చాలావాటిలో తినొద్దు అన్న హెచ్చరికే.

చిక్కేమిటంటే ఆ రంగు సారాలో వేసిన కొన్నాళ్ళకే వెలిసిపోతుంది, ఒళ్ళు ముడుచుకుపోతుంది. సీసాలో చివరికి ఉండేది పాలిపోయిన ముద్ద. అందుకే బతికుండగానే బొమ్మ గీయాలి. ఇలియట్ పక్షులకీ చేపలకీ మన దేశపు చిత్రకారుల చేత బొమ్మలు వేయించిన మనిషి, వీటినీ వదల్లేదు. బొమ్మలూ నమూనాలూ ఇంగ్లండులో న్యూకాసిల్‌లో ఉండే జాషువా ఆల్డర్, ఆల్బనీ హాన్‌కాక్‌ల దగ్గరికి చేరాయి. వాళ్ళు బ్రిటన్ న్యూడిబ్రాంకుల మీద అప్పటికే పెద్ద గ్రంథం వేసినవాళ్ళు. 1864లో లండన్ జువలాజికల్ సొసైటీ పత్రికలో మన ఒడ్డు జీవుల మీద వాళ్ళ వ్యాసం వచ్చింది. కళింగ అన్న కొత్త ప్రజాతి అందులోదే. ఇంకో జాతికి ఇలియట్ పేరు పెట్టారు, ఇప్పుడది ప్లాటిడోరిస్ ఎల్లియోటి. పళ్ళ నాలుక అసలే లేకుండా మెత్తని నోటితో పీల్చుకు తినేవాటికి డోరిడాప్సిస్ అని మరో ప్రజాతి కట్టారు. అది నిలబడలేదు, అంతకు ముందే ఉన్న డెండ్రోడోరిస్‌లో కలిసిపోయింది. కళింగ మాత్రం నిలిచింది. ఒడ్డున ఆ జీవుల్ని పట్టి తెచ్చినవాళ్ళ పేరు, బొమ్మ గీసినవాళ్ళ పేరు ఏ జాతికీ లేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకొకటి. ఇలియట్ 1859లో మద్రాసులో ఫ్లోరా ఆంధ్రికా అని ఒక పుస్తకం వేశాడు. సర్కారు జిల్లాల్లో కనిపించే మొక్కలకి మనవాళ్ళ వాడుక పేర్లు, పక్కనే శాస్త్రం పేర్లు. పరిపాలన చేసే మనిషి, మొక్క పేరు తెలుగులో ఏమంటారని అడిగి అడిగి రాసుకున్నాడు. నత్తల దగ్గరికి వచ్చేసరికి మన పేరు లేదు, కళింగ అన్నది కూడా న్యూకాసిల్‌లో పెట్టిందే. పోయిన వేసవిలో అమ్మమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకి ఫోన్లో కళింగ ఆర్నాటా ఫోటో చూపించాను. చాలాసేపు చూశాడు. వలలో పడుతుంటాయమ్మా, పారేస్తాం అన్నాడు. పేరు అడిగితే పురుగే అన్నాడు. మా నాన్న మాటే!

ఇలియట్ 1860లో ఉద్యోగం వదిలి స్కాట్లండులో తన ఊరు వుల్ఫ్‌లీ చేరాడు. 1878లో రాయల్ సొసైటీలోకి తీసుకున్నారు. చివరి ఏళ్ళలో చూపు దాదాపుగా పోయింది. అయినా దక్షిణ భారత నాణేల మీద పెద్ద గ్రంథం తయారుచేశాడు, చేతికి తడిమితే తెలిసే వస్తువులు కదా అని నాకనిపించింది. 1887 మార్చి 1 పొద్దున, తిరుక్కురళ్‌ని ఇంగ్లీషులోకి తెస్తున్న పోప్ గారికి ఒక ఉత్తరం చెప్పి రాయించి, కింద తన చేత్తోనే సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం చనిపోయాడు.

అజ్జికి ఇదంతా కన్నడంలో చెప్పాను. చివరిదాకా విని, వాళ్ళమ్మ ఉండేదా వాడికి అని మాత్రం అడిగింది. మర్నాడు వాన పడింది. ఉప్పు డబ్బా నేను ముందే తీసి దాచాను.