గురి తప్పిన తూటాకు రాబిన్స్ లెక్క

రైఫిలు ఒకటే, చేయి ఒకటే, లక్ష్యం ఒకటే. అయినా అయిదు తూటాలు పేలిస్తే మూడు ఒకచోట పడతాయి, రెండు జానెడు దూరంలో పడతాయి. అమెరికా వంటి దేశాల్లో తూటాలను సొంతంగా నింపుకొనే వేటగాళ్లకు ఇది తరచూ ఎదురయ్యే చిక్కు. లోపం తుపాకీలో ఉందా, మందులో ఉందా, తూటాలో ఉందా, పేల్చిన చేతిలో ఉందా? వేటగాడికి ఆ ప్రశ్న ఒక జింకతో తీరిపోతుంది. సరిహద్దు కొండల మీద కాపు కాసే సైనికుడికి ప్రాణాల మీదికి వస్తుంది. ఈ చిక్కుముడిని ఊహలతో కాకుండా కొలతలతో విప్పడం ప్రపంచానికి నేర్పిన వ్యక్తి బెంజమిన్ రాబిన్స్. ఆయన పుట్టింది ఇంగ్లండులో. కన్ను మూసింది మాత్రం మన కోరమాండల్ తీరంలో, కడలూరు పక్కనున్న సెయింట్ డేవిడ్ కోటలో.

రాబిన్స్ 1707లో బాత్ పట్టణంలో ఒక పేద క్వేకర్ కుటుంబంలో జన్మించారు. యుద్ధం పాపమని నమ్మే శాఖ అది. ఆ ఇంట పుట్టినవాడే ఆయుధ శాస్త్రానికి ఆద్యుడు కావడం చరిత్ర చేసిన చమత్కారం. గణితంలో ప్రతిభ చూసి పెద్దలు ఆయన్ను లండన్ పంపారు. 1727లో, ఇరవై ఏళ్ల వయసుకే, రాయల్ సొసైటీ సభ్యత్వం దక్కింది. న్యూటన్ గణితాన్ని బిషప్ బర్క్‌లీ ప్రశ్నించినప్పుడు న్యూటన్ పక్షాన కలం పట్టినవారిలో రాబిన్స్ ఒకరు. కొంతకాలం పిల్లలకు లెక్కలు చెప్పి బతికారు. ఒకేచోట కూర్చునే పని పడక దాన్ని వదిలి వంతెనలు, రేవులు, కోటల నిర్మాణం వైపు మళ్లారు. క్వేకర్ల వేషం, కట్టుబాట్లు కూడా అప్పటికే వదిలేశారు.

1741లో వూలిచ్‌లో ఫిరంగి దళ అధికారుల కోసం సైనిక అకాడమీ ఏర్పడింది. అక్కడ ఆచార్య పదవిని రాబిన్స్ ఆశించారు. అది జాన్ ముల్లర్‌కు దక్కింది. బోధన కోసం సిద్ధం చేసుకున్న విషయాలనే రాబిన్స్ పుస్తకంగా మలిచి 1742లో అచ్చు వేయించారు. న్యూ ప్రిన్సిపుల్స్ ఆఫ్ గన్నరీ అనే ఆ చిన్న గ్రంథం తుపాకీ విద్యను పనివాడి అనుభవం నుంచి శాస్త్రంగా మార్చింది.

అప్పటిదాకా గుండు ఎంత వేగంగా పోతుందో కొలిచే దారి లేదు. రాబిన్స్ ఒక బరువైన ఇనుప లోలకాన్ని వేలాడదీసి, దాని ముఖాన మందపాటి చెక్క బిగించారు. గుండు ఆ చెక్కలో దిగబడగానే లోలకం వెనక్కి ఊగుతుంది. ఎంత ఊగిందో కింద కట్టిన రిబ్బను చెబుతుంది. గుండు బరువు, లోలకం బరువు తెలుసు కాబట్టి వేగం లెక్కకు వస్తుంది. ఈ పద్ధతిలో మస్కెట్ గుండు వేగం సెకనుకు 1,600 అడుగులు దాటుతుందని తేలింది. తుపాకిమందు ఎంత పోస్తే ఎంత వేగం వస్తుంది, గొట్టం పొడవు మారితే ఏమవుతుంది, చెమ్మ తగిలిన మందు బలం ఎంత తగ్గుతుంది అన్నవి కూడా కొలతకు అందాయి.

రెండో ఫలితం ఇంకా పెద్దది. గుండు గాలిలో పరావలయ మార్గంలో సాఫీగా పోతుందనీ, గాలి అడ్డును పట్టించుకోనక్కర్లేదనీ ఫిరంగి గురువులు బోధించేవారు. రాబిన్స్ లెక్క ప్రకారం, గాలి లేకపోతే 24 పౌన్ల ఫిరంగి గుండు 16 మైళ్ల దాకా పోవాలి. నిజానికి 3 మైళ్లు కూడా పోదు. మిగిలిన దూరమంతా గాలి మింగేస్తోంది. గుండు వేగం ధ్వని వేగాన్ని సమీపించి దాటే చోట నిరోధం ఒక్కసారిగా పెరుగుతుందని కూడా ఆయన గమనించారు. జెట్ విమానాల కాలంలో ఇంజినీర్లు తలలు పట్టుకున్న సమస్య ఆయన లోలకానికి రెండు శతాబ్దాల ముందే దొరికింది.

ఇక గురి తప్పే సంగతి. పది గజాల దూరంలో అంగుళం తేడాతో తగిలే తుపాకీ, వంద గజాల్లో పది అంగుళాల లోపు తగలాలి. మూడు వందల గజాల్లో ముప్పై అంగుళాల లోపు తగలాలి. గురిలోనో, గొట్టం నిలకడలోనో లోపముంటే దూరంతో పాటు తేడా అదే నిష్పత్తిలో పెరగాలి కదా! కానీ అసలు తేడా అంతకు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండేది. అంటే గుండు గొట్టం దాటిన తరువాత కూడా దాన్ని పక్కకు నెట్టే శక్తి ఏదో దారి పొడవునా పనిచేస్తోంది. ఈ ఒక్క తర్కంతో అనుమానితుల జాబితా సగం తగ్గిపోయింది.

ఆ శక్తి ఏదో కూడా రాబిన్స్ పట్టుకున్నారు. మస్కెట్ గుండు గొట్టం కన్నా కాస్త చిన్నది. లోపల గోడలకు ఒరుసుకుంటూ వచ్చి, ఏదో ఒక వైపు గిర్రున తిరుగుతూ బయట పడుతుంది. తిరిగే గుండును గాలి ఒక పక్కకు తోస్తుంది. ఏ పక్కకన్నది గుండు చివరగా ఏ గోడకు ఒరుసుకుందన్న దాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ప్రతి గుండూ ఒక్కో దారి పడుతుంది. దీన్ని రుజువు చేయడానికి ఆయన ఒక తుపాకీ గొట్టం కొసను ఎడమకు కాస్త వంచారు. పల్చటి కాగితపు తెరలు వరుసగా నిలిపి వాటి గుండా కాల్చారు. గుండు మొదట ఎడమకే వెళ్లింది. కానీ గొట్టం కుడి గోడ మీద దొర్లుతూ వచ్చింది కాబట్టి, పోనుపోను వంకర తిరిగి కుడివైపుకు దాటిపోయింది. జంట తాడుకు చెక్క బంతిని వేలాడదీసి, తాడును మెలిపెట్టి ఊపి కూడా ఇదే చూపించారు. మెలి విడిపోతూ తిరిగే బంతి నేరుగా ఊగక పక్కకు జరుగుతుంది. ఆయన పుస్తకాన్ని 1745లో జర్మన్‌లోకి అనువదించిన మహా గణితవేత్త ఆయిలర్ ఈ ఒక్క విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. గుండు సరిగా గుండ్రంగా లేకపోవడమే కారణమన్నారు. వందేళ్ల తరువాత మాగ్నస్ చేసిన ప్రయోగాలు రాబిన్స్ మాటే నిజమని తేల్చాయి. పేరు మాత్రం మాగ్నస్‌కు దక్కింది. నేడు క్రికెట్‌లో స్పిన్నర్ బంతి గాల్లో పక్కకు జరగడాన్ని వివరించేదీ ఆ సూత్రమే.

కారణం తెలిశాక మందు సులువే. తిరగడాన్ని ఆపలేం కాబట్టి, ప్రతి గుండూ ఒకే తీరున, ప్రయాణ దిశనే ఇరుసుగా చేసుకుని తిరిగేలా చూడాలి. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు చేసే పని ఇదే. ఇటువంటి రైఫిళ్లు జర్మనీ, స్విట్జర్లాండ్ వేటగాళ్ల దగ్గర ఎన్నాళ్లుగానో ఉన్నాయి. అవి ఎందుకు సూటిగా కొడతాయో మాత్రం ఎవరికీ సరిగా తెలియదు. మర మేకులా గాలిని తొలుచుకుపోతుందని అనుకునేవారు. రాబిన్స్ 1747లో రాయల్ సొసైటీకి అసలు కారణం వివరించారు. గుండుకు బదులు కోడిగుడ్డు ఆకారంలో, బరువైన వైపు ముందుండేలా తూటా చేయాలని సూచించారు. రైఫిలును పూర్తిగా అర్థం చేసుకుని తన సైన్యానికి ముందుగా అందించిన దేశానిదే పైచేయి అవుతుందని జోస్యం చెప్పారు. అంతకు ముందే ఆయనకు రాయల్ సొసైటీ వారి కోప్లీ పతకం వచ్చింది.

ఆ జోస్యాన్ని ఆయన దేశమే వెంటనే వినలేదు. రైఫిలులో తూటాను బిగుతుగా దట్టించడానికి చాలా సమయం పడుతుంది. వరుసలు కట్టి నిమిషానికి మూడు నాలుగు సార్లు కాల్చే సైన్యాలకు అది పనికిరాదనుకున్నారు. 1850ల దాకా సాధారణ సిపాయి చేతిలో నున్నటి గొట్టపు మస్కెటే ఉంది. గొట్టంలోకి సులువుగా జారి, పేలగానే ఉబ్బి గాడులను పట్టుకునే తూటా అప్పుడు వచ్చింది. అది సాఫీగా దిగడానికి తూటా కాగితానికి కొవ్వు పూసేవారు. ఆ కొవ్వే 1857లో డండం, అంబాలా, సియాల్‌కోట్ శిక్షణ కేంద్రాల నుంచి నిప్పురవ్వై లేచింది. గురి సమస్యకు దొరికిన పరిష్కారం భారత చరిత్రనే మలుపు తిప్పింది.

ఇదంతా రాబిన్స్ చూడలేదు. మద్రాసును 1746లో ఫ్రెంచివారు పట్టుకుని, 1749లో సంధి ప్రకారం తిరిగి ఇచ్చాక, ఈస్టిండియా కంపెనీ తన కోటల బలహీనత తెలుసుకుంది. కోటలను బాగుచేసే ఇంజినీరు జనరల్‌గా ఆయన్ను నియమించింది. 1750 జులైలో ఆయన సెయింట్ డేవిడ్ కోటకు చేరారు. ఆ కోటకూ మద్రాసుకూ కొత్త రక్షణ పథకాలు గీశారు. ఈ తీరపు జ్వరం కొద్ది నెలలకే పట్టుకుంది. ఒకసారి కోలుకున్నా మళ్లీ మంచం పట్టి 1751 జులై 29న మరణించారు. వయసు 44. కొద్ది వారాల తరువాత క్లైవ్ ఆర్కాట్‌ను పట్టుకున్నాడు. కంపెనీ వ్యాపారం రాజ్యంగా మారే కథ అక్కడ మొదలైంది.

ఆయన వదిలి వెళ్లిన పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు. తూటాలు చెదురుతున్నప్పుడు తెలివైన షూటర్ నేటికీ ఆ దారినే వెళతాడు. మొదట నమ్మకమైన ఫ్యాక్టరీ తూటాలతో కాల్చి చూస్తాడు. అవి ఒకచోట పడితే లోపం తాను నింపిన తూటాలలోనే ఉంది. అవీ చెదిరితే టెలిస్కోపు మరలు, కట్టె బిగింపు, గొట్టంలో పేరుకున్న మకిలి చూసుకోవాలి. తరువాత ఒక్కోసారి ఒక్కటే మారుస్తాడు. మందు బరువు, తూటా ఎంత లోతున కూర్చుంది, ఖాళీ తొడుగు మెడ ఎంత బిగుతుగా పట్టింది అన్నవి అన్నీ ఒకేసారి మారిస్తే దోషి దొరకదు. దగ్గర్లో కుదురుగా పడి, దూరం పెరిగేకొద్దీ పైకీ కిందకీ చెదిరితే తూటాల వేగంలో తేడాను అనుమానించాలి. దూరమే సాక్ష్యం చెబుతుందన్నది రాబిన్స్ పాఠం. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. వేటపై 1972 చట్టం కింద నిషేధం ఉంది. కాబట్టి మనకు ఈ పాఠం సైన్యం దగ్గరే అక్కరకొస్తుంది.

1999లో కార్గిల్‌లో ఆ అక్కర కళ్లకు కట్టింది. మైదానాల కోసం రాసిన పట్టికలు పల్చటి కొండగాలిలో పనిచేయలేదు. శతఘ్నుల గుళ్లు లెక్కకు మించిన దూరం పోయాయి. మన ఫిరంగి దళం అక్కడికక్కడే కొత్త లెక్కలు కట్టుకోవలసి వచ్చింది. గాలి ఎంత పల్చనైతే అంత దూరం అన్నది రాబిన్స్ లోలకం చెప్పిన విషయమే.

2021లో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టారు. ప్రైవేటు సంస్థలూ మందుగుండు తయారీలోకి వస్తున్నాయి. ఎన్ని కోట్ల తూటాలు తయారయ్యాయన్నది ప్రకటనల్లో వినిపించే అంకె. మొదటి తూటాకూ చివరి తూటాకూ వేగంలో ఎంత తేడా ఉందన్నది సిపాయికి కావలసిన అంకె. ఫ్యాక్టరీ ఎవరిదైనా ఆ రెండో అంకెను ప్రతి లాటుకూ కొలిచి, కొలిచినదాన్ని దాచకుండా సైన్యం ముందు పెట్టాలి. లేకపోతే గురి తప్పిన ప్రతిసారీ నింద పేల్చిన చేతి మీదే పడుతుంది. ఆ నింద ఎంత తరచుగా తప్పో కొలిచి చూపినవాడు రాబిన్స్.