బీర్బల్ సాహ్నీ

బచ్చన్నపేట ప్రాంతమున కంచెలపై ప్రాకు నల్లేరును మీరు చూచియే యుందురు. నల్లేరును ద్రాక్షయు ఒకే కుటుంబమునకు చెందిన తీగెలు. వీని పూర్వుల జాడలు జనగామ గ్రానైటు బండలలో దొరకవు. అవి భూగర్భమున కరిగి గడ్డకట్టిన రాళ్లు. ఈశాన్యమున, భూపాలపల్లి బొగ్గుగనులున్న గోదావరి లోయలో రాతిపై గ్లాసోప్టెరిస్ ఆకుల అచ్చులు కలవు గాని, అవి పూలమొక్కలు పుట్టక పూర్వపువి. ఇట్టి అచ్చులను చదువు విద్యకు మన దేశమున ప్రతిష్ఠ కలిగించినవాడు బీర్బల్ సాహ్నీ.

ఆయన 1891 నవంబరు 14న, నేడు పాకిస్తానులోనున్న భేరాలో జన్మించెను. తండ్రి రుచిరామ్ సాహ్నీ లాహోరులో రసాయనశాస్త్రాచార్యుడు. బీర్బల్ కేంబ్రిడ్జిలో సీవార్డు పండితుని శిష్యుడై, 1921లో లక్నో విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రాచార్యుడయ్యెను.

జీవించియున్న మొక్కను ఎరుగనివాడు రాతిలోని మొక్కను గుర్తింపజాలడని ఆయన నమ్మకము. రాతిని కోసి, వెలుగు చొరబారునంత పలుచగా అరగదీసి, సూక్ష్మదర్శినితో దాని కణములను నేటి మొక్కల కణములతో పోల్చెడివాడు. దక్కను లావా పొరల నడుమ చెరువులలో శిలలైన మొక్కలు ఆయనకు మిక్కిలి ప్రియమైనవి. మధ్యప్రదేశములోని మొహగాఁవ్ కలాన్‌లో దొరకిన ఒక కాయకు ఎనిగ్మోకార్పన్, అనగా చిక్కుముడి వంటి కాయ, అని 1943లో పేరిడెను. మన గోరింట, దానిమ్మలు దానికి చుట్టములు! అట్టి దక్కను శిలలలోనే ద్రాక్ష కుటుంబపు కాయలు కూడ బయల్పడినవి. వాని వయస్సు సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములని 2013లో పండితులు ప్రకటించిరి.

పోలిక యొక్కొక్కప్పుడు మోసగించును. రాజమహల్ కొండలలోని ఒక శిలాదారువు పూలచెట్ల కలపను పోలియున్నదని 1932లో సాహ్నీ తెలిపెను. అది పూలులేని వేరొక ప్రాచీన జాతిదని పిదప తేలినది. అయినను 1954లో దానికి ఆయన పేరనే సాహ్నియాక్సిలాన్ అని నామకరణము చేసిరి.

1936లో లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. లక్నోలో శిలావృక్షశాస్త్ర సంస్థకు భవనము కట్టవలెనని ఆయన చిరకాల వాంఛ. శిలాజములు పొదిగిన శంకుస్థాపన ఫలకమును 1949 ఏప్రిల్ 3న ప్రధానమంత్రి నెహ్రూ ప్రతిష్ఠించెను. వారము దినములకే, ఏప్రిల్ 10న, సాహ్నీ కన్నుమూసెను. గోడలింకను లేవలేదు. భార్య సావిత్రీ సాహ్నీ దుఃఖమును దిగమ్రింగి ఆ భారమును తలకెత్తుకొనెను; 1953 నాటికి భవనము పూర్తియై ప్రారంభోత్సవము జరిగెను.