తూకం తప్పని కంసాలి



మన రావివలస నుంచి టెక్కలికో పలాసకో వెళ్లి బిడ్డకు వెండి పట్టీలు కొనేటప్పుడు మీరు ముందు త్రాసు చూస్తారు. తర్వాత తూచే మనిషి ముఖం చూస్తారు. వెండిలో కల్తీ ఎంతో మన కంటికి తెలియదు కనుక ఆ మనిషిని నమ్ముతాం. అలాంటి నమ్మకాన్ని నిలబెట్టుకున్న ఒక కంసాలి పునీతుడయ్యాడు. ఆయనే డిసెంబరు 1న శ్రీసభ స్మరించే పునీత ఎలీజియుస్ గారు.

ఆయన సుమారు 588లో, నేటి ఫ్రాన్సులోని లిమోజ్ పట్టణం దగ్గర జన్మించారు. కొడుకు చేతి నేర్పు గమనించిన తండ్రి, లిమోజ్‌లో టంకశాల నడిపే అబ్బో అనే స్వర్ణకారుని వద్ద పనికి పెట్టారు. నాటి ఫ్రాంకుల రాజ్యంలో వందల చోట్ల నాణేలు ముద్రించేవారు. చాలా నాణేలపై ఒకవైపు ఊరి పేరు, రెండోవైపు ముద్రించినవాని పేరు ఉండేవి. నాణెం చెడ్డదైతే ఎవరిని అడగాలో అందరికీ తెలిసేది.

క్లొటేర్ రాజు ఒక సింహాసనం చేయమని బంగారం ఇస్తే, ఎలీజియుస్ గారు దానితో రెండు చేసి అప్పగించారు. మిగిలిన బంగారం దాచుకున్నా అడిగేవారు లేరు. అయినా దాచుకోలేదు. అప్పటినుంచి రాజు ఆయనను నమ్మారు. తర్వాత వచ్చిన దగోబెర్ రాజు కాలంలో పారిస్, మార్సెయ్ నాణేలపై ఆయన పేరు కనబడుతుంది.

మరి సంపాదన ఏమైంది? అమ్మకానికి తెచ్చిన బానిసలను 20, 30, ఒక్కోసారి 100 మందిదాకా కొని విడిపించారు. డబ్బు చాలకపోతే నడికట్టు, పైవస్త్రం కూడా ఇచ్చేశారు. 632లో సొలిన్యాక్ మఠాన్ని స్థాపించారు. 641లో నొయాన్ పీఠాధిపతి అయ్యారు. ఫ్లాండర్సు ప్రజలకు సువార్త బోధించి, 660 డిసెంబరు 1న ప్రభువునందు నిద్రించారు.

ఆయన కాలంలోనే బంగారు నాణేలలో బంగారం తగ్గిపోతూ వచ్చింది. ఆయన పోయిన సుమారు పదేళ్లకు వెండి నాణెం వచ్చింది. సువిశేషంలో మనం వినే దేనారము పేరే దానికీ వచ్చింది. 794 నాటికి షార్లమేన్ రాజు రాజ్యమంతటా ఒకే బరువు ఖాయం చేశారు. పౌను వెండికి 240 నాణేలు. ఆ లెక్క ఇంగ్లండులో 1971 వరకు నడిచింది.

రాజు బరువును శాసించగలడు, మనస్సాక్షిని శాసించలేడు. జీడిపిక్కలు తూచేచోట, కొబ్బరికాయలు లెక్కపెట్టేచోట, కూలి డబ్బులు పంచేచోట మన పేరు కూడా ముద్రపడుతూనే ఉంది. ఎదుటివాడు చూడని ఆ కొంచెం ఎవరి సంచిలోకి పోతున్నది? అప్పుల్లో చిక్కుకున్న పొరుగింటివారిని విడిపించడానికి మన మిగులులో ఎంత ఇచ్చాం? ఈ ఆదివారం పూజకు వచ్చేముందు ఎవరికైనా తూకం బాకీ ఉంటే తీర్చి రండి.