ఫ్రాన్స్వా బ్లాంక్

ఫ్రాన్స్వా బ్లాంక్ (డిసెంబరు 12, 1806 - జూలై 27, 1877) ఫ్రాన్సు దేశానికి చెందిన వ్యాపారవేత్త, కేసినోల యజమాని. జర్మనీలోని హోంబుర్గ్, మొనాకోలోని మాంటే కార్లో జూదగృహాలను ప్రపంచ ప్రసిద్ధం చేసినందువలన ఇతనికి మాంటే కార్లో మాంత్రికుడు అనే పేరు వచ్చింది. అప్పులలో చిక్కుకున్న రెండు చిన్న సంస్థానాల ఖజానాలు ఇతని జూదపు బల్లల ఆదాయంతో నిలదొక్కుకున్నాయి. ప్యారిస్ సంగీత నాటకశాల నిర్మాణాన్ని పూర్తి చేయడానికి ఫ్రాన్సు ప్రభుత్వానికే ఇతడు అప్పు ఇచ్చాడు.

తొలి జీవితం

బ్లాంక్ దక్షిణ ఫ్రాన్సులోని కూర్తెజోన్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. లూయీ ఇతని కవల సోదరుడు. అదే పేరుగల ప్రసిద్ధ సామ్యవాద రచయిత లూయీ బ్లాంక్ వేరొక వ్యక్తి. సోదరులిద్దరూ యౌవనంలో బోర్డో నగరంలో స్థిరపడి ప్రభుత్వ రుణపత్రాల క్రయవిక్రయాలు చేసేవారు.

టెలిగ్రాఫ్ వ్యవహారం

ఆ కాలంలో విద్యుత్ టెలిగ్రాఫ్ ఇంకా వాడుకలోకి రాలేదు. ఎత్తైన ప్రదేశాలలో గోపురాలు కట్టి, వాటిపై అమర్చిన కొయ్య చేతులను వివిధ భంగిమలలో కదిలిస్తూ ఒక గోపురం నుండి మరొక గోపురానికి సంకేతాలు పంపేవారు. ఈ సౌకర్యం ప్రభుత్వ అవసరాలకు మాత్రమే పరిమితం. వ్యాపారులకు ప్యారిస్ మార్కెట్ ధరలు తపాలా బండిలో కొన్ని రోజుల తరువాత గాని అందేవి కావు.

1834లో బ్లాంక్ సోదరులు టూర్ పట్టణంలోని టెలిగ్రాఫ్ ఉద్యోగికి లంచం ఇచ్చి లోబరచుకున్నారు. ప్యారిస్‌లోని వారి సహచరుడు మార్కెట్ కదలికను ఒక పార్సెల్ ద్వారా టూరుకు తెలియజేసేవాడు. ఆ ఉద్యోగి ప్రభుత్వ సందేశం మధ్యలో కావాలని ఒక తప్పు సంకేతాన్ని చేర్చి, వెంటనే దానిని రద్దు చేసే సంకేతాన్ని పంపేవాడు. అధికారులు దానిని సాధారణమైన పొరపాటుగా భావించి విడిచిపెట్టేవారు. బోర్డోలో గోపురాన్ని గమనిస్తూ ఉండే మనిషికి మాత్రం ధరలు పెరిగినవో తగ్గినవో తెలిసిపోయేది.

ఈ పద్ధతి 1836లో బయటపడింది. 1837లో టూరులో విచారణ జరిగింది. టెలిగ్రాఫును స్వంతానికి వాడుకోవడాన్ని నిషేధించే చట్టం అప్పటికి లేకపోవడం వలన సోదరులు పెద్ద శిక్ష లేకుండా బయటపడ్డారు. ఆ సంవత్సరమే ఫ్రాన్సు ప్రభుత్వం టెలిగ్రాఫుపై గుత్తాధికారం తనదేనని చట్టం చేసింది.

హోంబుర్గ్

1837 డిసెంబరు 31తో ప్యారిస్ జూదగృహాలు మూతపడ్డాయి. అక్కడి ధనిక జూదరులు సరిహద్దు దాటి జర్మనీలోని స్నానతీర్థాల వైపు మళ్ళారు. హెస్సె-హోంబుర్గ్ అనే చిన్న సంస్థానం అప్పట్లో అప్పుల భారంతో కుంగిపోతూ ఉండేది. బ్లాంక్ సోదరులు 1840లో ఆ సంస్థాన పాలకునితో ఒప్పందం చేసుకొని, మరుసటి సంవత్సరం జూదగృహాన్ని ప్రారంభించారు.

ఇక్కడ 1843లో బ్లాంక్ ఒకే సున్నా గల రూలెట్ చక్రాన్ని ప్రవేశపెట్టాడు. ఈ మార్పు ప్రాముఖ్యాన్ని చిన్న లెక్కతో గ్రహించవచ్చు. చక్రంపై 1 నుండి 36 వరకు అంకెలు, ఒక సున్నా కలిసి 37 గడులుంటాయి. అన్ని గడులపైనా ఒక్కొక్క ఫ్రాంకు కాసినవానికి తిరిగి వచ్చేది 36 ఫ్రాంకులు. అంటే యజమానికి మిగిలేది సుమారు 2.7 శాతం. రెండు సున్నాలున్న చక్రంలో 38 గడులకు 36 మాత్రమే తిరిగి వస్తాయి కనుక యజమాని వాటా సుమారు 5.26 శాతం. బ్లాంక్ తన వాటాను దాదాపు సగానికి తగ్గించుకొని, పోటీదారుల వద్ద ఉన్న జూదరులను తన వద్దకు రప్పించుకున్నాడు. వాటా చిన్నదైనా ఆట ఆగకుండా సాగినంత కాలం లాభం నిశ్చయమని ఇతనికి తెలుసు.

మొనాకో

1848లో మాంతోన్, రోక్‌బ్రూన్ పట్టణాలు మొనాకో నుండి విడిపోయాయి. 1861 ఒప్పందం ప్రకారం వాటిపై హక్కులను మొనాకో పాలకుడు మూడవ చార్లెస్ 40 లక్షల ఫ్రాంకులకు ఫ్రాన్సుకు వదులుకున్నాడు. దీనితో సంస్థానం తన భూమిలో అత్యధిక భాగాన్ని, నిమ్మ, ఆలివ్ పంటల మీద వచ్చే ఆదాయాన్ని కోల్పోయింది. ఖజానాను నిలబెట్టేందుకు జూదగృహం తెరవాలనే ఆలోచన అంతకు ముందే మొదలై, 1856లో తొలి అనుమతి ఇవ్వబడింది. కాని రైలు మార్గం గాని మంచి రహదారి గాని లేనందువలన ఆటగాళ్ళు రాలేదు. అనుమతి ఒకరి తరువాత ఒకరి చేతులు మారింది. ఎవరూ నిలదొక్కుకోలేకపోయారు.

1863లో బ్లాంక్ 17 లక్షల ఫ్రాంకులు చెల్లించి 50 సంవత్సరాల హక్కును పొందాడు. సముద్ర స్నానాల సంస్థ అనే అర్థం వచ్చే పేరుతో కంపెనీ ఏర్పడింది. హోటళ్ళు, ఉద్యానవనాలు, వీధులు నిర్మించబడ్డాయి. 1866లో ఆ కొండ ప్రాంతానికి చార్లెస్ పేరు మీదుగా మాంటే కార్లో అని నామకరణం జరిగింది. 1868లో రైలు వచ్చింది. 1869లో పాలకుడు ప్రజలపై ప్రత్యక్ష పన్నులను రద్దు చేయగలిగాడు. అయితే మొనాకో పౌరులకు ఆ కేసినోలో ఆడే అనుమతి లేదు. పన్నుల స్థానంలో ఖజానాకు చేరినది బయటివారు పోగొట్టుకున్న ధనం.

1872 చివర జర్మనీ తన భూభాగంలోని జూదగృహాలన్నింటినీ మూసివేసింది. హోంబుర్గ్ మూతపడినా, పోటీ తొలగిపోవడం వలన మాంటే కార్లోకు మేలే జరిగింది.

ప్యారిస్ సంగీత నాటకశాలకు అప్పు

1870-71 యుద్ధంలో ఓడిన ఫ్రాన్సు, జర్మనీకి 500 కోట్ల ఫ్రాంకుల పరిహారం చెల్లించవలసి వచ్చింది. 1873 అక్టోబరులో ప్యారిస్‌లోని పాత సంగీత నాటకశాల అగ్నిప్రమాదంలో కాలిపోయింది. వాస్తుశిల్పి చార్లెస్ గార్నియే 1861లో మొదలుపెట్టిన కొత్త భవనం అప్పటికీ అసంపూర్తిగానే ఉంది. దానిని పూర్తి చేయడానికి 1874లో బ్లాంక్ 6 శాతం వడ్డీపై 49 లక్షల బంగారు ఫ్రాంకులు అప్పుగా ఇచ్చాడు. భవనం 1875 జనవరి 5న ప్రారంభమైంది. దీనిని దానంగా చెప్పుకోవడం సరికాదు. ఒక విపత్తు తరువాత ప్రభుత్వానికి అందిన ఈ సహాయం వడ్డీతో సహా తిరిగి చెల్లించవలసిన రుణం. తన దేశంలో నిషేధింపబడిన వ్యాపారంలో సంపాదించిన ధనాన్ని ఆ దేశ ప్రభుత్వానికే అప్పిచ్చి బ్లాంక్ గౌరవనీయుల సరసన చేరాడు.

కుటుంబం, మరణం

బ్లాంక్ రెండుసార్లు వివాహం చేసుకున్నాడు. రెండవ భార్య మేరీ హెన్సెల్. ఇతడు 1877లో స్విట్జర్లాండులో మరణించాడు. తరువాత భార్య, ఆపైన పెద్ద కుమారుడు కామీ బ్లాంక్ వ్యాపారాన్ని కొనసాగించారు. గార్నియే రూపొందించిన మాంటే కార్లో నాటకశాల 1879 జనవరిలో ప్రారంభమైంది. కుమార్తెలలో లూయీజ్ రాజ్విల్ వంశీయుని, మేరీ ఫెలిక్స్ నెపోలియన్ వంశానికి చెందిన రోలాండ్ బోనపార్ట్‌ను వివాహమాడారు.

మూల్యాంకనం

సమర్థకులు బ్లాంక్‌ను ఒక పేద సంస్థానానికి జీవం పోసినవానిగా చెబుతారు. మాంటే కార్లోలో సర్వస్వం పోగొట్టుకున్న కుటుంబాలను, ఆత్మహత్యలను విమర్శకులు గుర్తుచేస్తారు. రెండింటిలోనూ నిజం ఉంది. ఇతని వ్యాపారంలో నష్టభయం ఎల్లప్పుడూ బల్లకు అవతలి వైపున ఉన్నవారిదే. పాలకుడు లాభంలో భాగస్వామి అయినందువలన, ఆ నష్టాన్ని విచారించవలసిన ప్రభుత్వానికీ ఆట ఆగకపోవడమే అవసరమైంది.

విశేషాలు

* రష్యా రచయిత దొస్తొయెవ్‌స్కీ హోంబుర్గ్‌లో జూదమాడి డబ్బు పోగొట్టుకున్నాడు. ఆయన 1866లో జూదరి అనే నవల వ్రాశాడు.
* 1933లో ఫ్రాన్సు తన కేసినోలలో రూలెట్‌ను తిరిగి అనుమతించడంతో మాంటే కార్లో ఆధిక్యం తగ్గింది.
* బ్లాంక్ స్థాపించిన కంపెనీపై గ్రీకు నౌకా వ్యాపారి అరిస్టాటిల్ ఒనాసిస్ 1950లలో ఆధిపత్యం సంపాదించాడు. 1967లో అది మొనాకో ప్రభుత్వం చేతికి వచ్చింది.
* బ్లాంక్ మనుమరాలు మేరీ బోనపార్ట్ (1882-1962) మనోవిశ్లేషకురాలు. 1938లో సిగ్మండ్ ఫ్రాయిడ్ వియన్నా నుండి బయటపడటానికి ఆమె తన ధనంతో తోడ్పడింది.