సొంత అక్కకే మెదడు ఆపరేషన్ చేసిన పెన్‌ఫీల్డ్

మిర్గీకి ఆపరేషన్ అంటే మన ఇళ్లల్లో ఇప్పటికీ జంకుతారు. రిష్తాలు తప్పిపోతాయని ఉయ్యూరులోనైనా బెజవాడలోనైనా ఫిట్స్ సంగతే దాచేస్తాం, ఇక తల కోయించుకునేది ఎక్కడ? ఆ ఆపరేషన్‌కి దారి వేసినవాళ్లలో పెద్ద పేరు డాక్టర్ వైల్డర్ పెన్‌ఫీల్డ్. 1891లో అమెరికాలోని స్పోకేన్‌లో పుట్టారు. ప్రిన్స్‌టన్, ఆక్స్‌ఫర్డ్‌లలో చదువుకుని 1928లో కెనడాలోని మాంట్రియల్ చేరారు.

ఆ ఏడాది చివర్లోనే అక్క రూత్‌కి ఆపరేషన్ చేయాల్సొచ్చింది. ఆమెకి ఎన్నో ఏళ్లుగా ఫిట్స్. చూస్తే మెదడు ముందు భాగంలో, కుడివైపు పెద్ద గడ్డ. తమ్ముడే కోశారు. గడ్డ మొత్తం రాలేదు, మెదడులో చాలా భాగం తీసేయాల్సి వచ్చింది. తర్వాత రూత్ మామూలుగానే మాట్లాడేది, మర్యాదగా ఉండేది. కానీ ఏడాది దాటాక ఓ రోజు ఒక అతిథికీ ఇంట్లో నలుగురికీ వంట మొదలుపెట్టి, సామానంతా ఎదురుగా ఉన్నా ఏది ముందు చేయాలో తెలీక నిలబడిపోయింది. ఇఫ్తార్‌కి పదిమందికి వండే మన అమ్మలకు ఆ కష్టం వెంటనే అర్థమవుతుంది. 1931లో ఆమె చనిపోయింది. 1935లో ఆయన ఈ కేసును వైద్య పత్రికలో రాశారు. సొంత అక్క సంగతి అలా బయటపెట్టడం తేలిక కాదు.

మెదడుకి నొప్పి తెలీదు. అందుకే తలకి మాత్రం మత్తు సూది వేసి, మనిషి మెలకువగా ఉండగానే సన్నటి కరెంటుతో మెదడుని తాకి చూసేవారు. చెయ్యి కదిలితే అక్కడ కోయకూడదు, మాట ఆగినా కోయకూడదు. 1934లో మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. హెర్బర్ట్ జాస్పర్ వచ్చాక, పుర్రె లోపల ఎలక్ట్రోడ్లు పెట్టి ఫిట్స్ ఎక్కడ పుడుతున్నాయో ఆపరేషన్‌కి ముందే వెతకడం మొదలైంది.

అయినా ఒక దెబ్బ తగిలింది. ఓ ఇంజనీరుకి ఎడమవైపు కణత భాగం తీశాక కొత్త సంగతులేవీ గుర్తుండటం మానేశాయి. ఆయన చనిపోయాక చూస్తే, జ్ఞాపకానికి పనికొచ్చే కుడివైపు భాగం ముందునుంచే కుంచించుకుపోయి ఉంది. ఉన్న మంచి వైపునే తీసేశారన్నమాట. రెండోవైపు ఎలా ఉందో ముందే పరీక్షించాలన్న పట్టుదల ఇలాంటి కేసుల వల్లే పెరిగింది.

ఇప్పుడు సన్నటి వైర్లను కొన్ని రోజులు మెదడులోనే ఉంచి చూస్తారు. వైరు వెళ్లిన దారిలో చిన్న మచ్చ మిగలొచ్చు. అరుదుగా రక్తస్రావం, ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. సంతకం పెట్టేముందు డాక్టర్‌ని ఈ సంగతి అడగాలి.

మాంట్రియల్‌లో ఆయన దగ్గర నేర్చుకున్న జేకబ్ చాందీ 1949లో వెల్లూరు సీఎంసీలో దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ విభాగం పెట్టారు. 1952 ఆగస్టులో అక్కడే ఓ 19 ఏళ్ల కుర్రాడికి ఫిట్స్ ఆపరేషన్ జరిగింది. పెన్‌ఫీల్డ్ 1976లో మాంట్రియల్‌లో కన్నుమూశారు.