పెళ్లికి ముందు చెప్పని మాట

‘అవుట్ ఆఫ్ ఆఫ్రికా’ అనే ఇంగ్లిషు సినిమా మీలో కొందరు చూసే ఉంటారు. 1985లో వచ్చింది, 7 ఆస్కార్లు గెలిచింది. ఆ సినిమాకు ఆధారం కరెన్ బ్లిక్సెన్ అనే డెన్మార్క్ రచయిత్రి జీవితం. ఆఫ్రికాలో కాఫీ తోట నడిపిన ధీరగా, కథలు చెప్పడంలో దిట్టగా ఆమెను లోకం గుర్తుంచుకుంది. డెన్మార్క్ తన 50 క్రోనర్ల నోటు మీద ఆమె బొమ్మ వేసుకుంది. అయితే ఒక డాక్టరుగా నేను ఆమె కథ చెప్పేది మరో కారణంతో. పెళ్లయిన ఏడాది తిరిగేసరికి ఆమెకు భర్త నుంచి ఒక జబ్బు అంటుకుంది. ఆ సంగతి ఆమెకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

కొత్త కాపురం, కొత్త జ్వరం

కరెన్ 1885లో కోపెన్‌హేగెన్ దగ్గర ఒక సంపన్న కుటుంబంలో పుట్టింది. పదేళ్లు నిండకముందే తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. పెద్దయ్యాక స్వీడన్‌కు చెందిన ఒక జమీందారీ కుటుంబంలోని కుర్రాణ్ని ఇష్టపడింది. అతను పట్టించుకోలేదు. చివరికి 1912లో అతని కవల సోదరుడు బ్రోర్ బ్లిక్సెన్‌తో నిశ్చితార్థం జరిగింది. బ్రోర్ సరదా మనిషి. వేటగాడు. మగువల సాంగత్యం, డబ్బు ఖర్చు రెండింట్లోనూ అడ్డూ అదుపూ లేదు. కరెన్ కుటుంబం పెట్టుబడి పెడితే, ఇప్పటి కెన్యాలో భూమి కొన్నారు. 1914 జనవరి 14న మొంబాసాలో పెళ్లి జరిగింది. నైరోబీ శివార్లలో, ఎన్‌గాంగ్ కొండల కింద కాపురం పెట్టారు.

ఆ ఏడాదే ఆమెకు జ్వరాలు మొదలయ్యాయి. మలేరియా అనుకున్నారు. ఆ ప్రాంతంలో జ్వరమంటే ముందు అదే గుర్తొస్తుంది. చివరికి నైరోబీ డాక్టరు తేల్చింది సిఫిలిస్ అని. మన పెద్దవాళ్లు సవాయి అనేవారే, అదే. అప్పటికి ఆ జబ్బుకు కారణమైన సూక్ష్మజీవిని కనిపెట్టి (1905) పదేళ్లయినా కాలేదు. చేతిలో ఉన్న మందు పాదరసం. అదే మింగింది. జబ్బు కంటే మందే ఎక్కువ బాధించే రోజులవి.

1915లో, మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో ఆమె ఓడెక్కి యూరప్ వెళ్లింది. కోపెన్‌హేగెన్ ఆసుపత్రిలో చేరింది. అక్కడ సాల్వర్‌సాన్ ఇచ్చారు. 1910లో వచ్చిన ఆ మందు ఆర్సెనిక్‌తో తయారైంది. అంటే పాషాణమే. పెన్సిలిన్‌తో సిఫిలిస్ నయమవుతుందని తేలడానికి 1943 దాకా ఆగాల్సి వచ్చింది.

రహస్యం బరువు

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. 30 ఏళ్ల అమ్మాయి పుట్టింటికి వచ్చింది. ఆసుపత్రిలో ఉంది. జబ్బు పేరు బయటికి చెప్పుకోలేదు. మనసు విప్పి చెప్పుకున్న అతి కొద్దిమందిలో తమ్ముడు థామస్ ఒకడు. తప్పు తనది కాకపోయినా సిగ్గు మాత్రం తన వంతైంది. మన ఇళ్లలో జరిగేదీ ఇదే కదా? జబ్బు ఇచ్చినవాడు మామూలుగానే తిరుగుతాడు, తెచ్చుకున్నామె తలదించుకుంటుంది.

1926లో తమ్ముడికి రాసిన ఉత్తరంలో ఆమె ఈ జబ్బును చేదు నవ్వుతో ప్రస్తావించింది. బారనెస్ హోదా దక్కడానికి ఆ మాత్రం మూల్యం చెల్లించినా ఫరవాలేదన్న ధోరణిలో రాసింది. ఆ నవ్వు వెనక ఎంత నొప్పి ఉందో ఊహించుకోవచ్చు. అప్పటికి ఏడాది ముందే, 1925లో విడాకులయ్యాయి. విడాకులు కోరింది బ్రోరే.

తోట నష్టాల్లో పడింది. ఆమె ప్రేమించిన డెనిస్ ఫించ్ హాటన్ 1931 మేలో విమాన ప్రమాదంలో చనిపోయాడు. అదే ఏడాది తోట అమ్ముడుపోయింది. 46 ఏళ్ల వయసులో చేతిలో చిల్లిగవ్వ లేకుండా తల్లి ఇంటికి చేరింది. అక్కడ కూర్చుని రాయడం మొదలుపెట్టింది. ఐజాక్ డినెసెన్ అనే మగ పేరుతో 1934లో మొదటి కథల పుస్తకం అమెరికాలో వచ్చింది. 1937లో ‘అవుట్ ఆఫ్ ఆఫ్రికా’ వచ్చింది.

పేరొచ్చినా ఒంట్లో సుఖం లేదు. కడుపులో పేగులు మెలిపెట్టే నొప్పులు, వాంతులు, నడకలో తూలు. సిఫిలిస్ వెన్నుపాము నరాలను దెబ్బతీసిందని అప్పటి డాక్టర్లు భావించారు. నొప్పి తగ్గడానికి వెన్ను దగ్గర ఆపరేషన్ చేశారు. తర్వాత పుండు కారణంగా జీర్ణాశయంలో కొంత భాగం తీసేశారు. ఆమె బాధల్లో కొంత భాగమైనా పాదరసం, ఆర్సెనిక్ వల్లేమోనని తర్వాతి తరం డాక్టర్లు అనుమానించారు. ఆఖరి ఏళ్లలో ఆమె ఎముకల గూడులా మిగిలింది. 1962 సెప్టెంబరు 7న, 77వ ఏట, పుట్టిన ఇంట్లోనే కన్నుమూసింది.

బ్రోర్‌కు తెలుసా?

మీకు ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది. సిఫిలిస్ తీరు తెలిస్తే సమాధానం అంత సులువు కాదని అర్థమవుతుంది. మొదట వచ్చే పుండు నొప్పి పెట్టదు. కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. తర్వాత దద్దురు వచ్చి అదీ పోతుంది. ఆపైన ఏళ్ల తరబడి ఏ లక్షణమూ ఉండదు. మనిషి బాగానే ఉన్నానని నమ్ముతాడు. కానీ తన బతుకు తీరు ఎలాంటిదో అతనికి తెలుసు. రక్తపరీక్ష 1906 నుంచే ఉంది. పెళ్లికి ముందు ఒక పరీక్ష చేయించుకుని, ఒక మాట చెప్పి ఉంటే, ఆగాలా, వైద్యం అయ్యాక ముందుకెళ్లాలా అన్న నిర్ణయం కరెన్ చేతిలో ఉండేది. ఆమెకు దక్కకుండా పోయింది ఆ అవకాశమే.

ఇప్పుడు మన సంగతి

నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయాలన్న సామెత మన దగ్గర ఇంకా చెలామణిలో ఉంది. జాతకాలు చూస్తాం, జీతం స్లిప్పు అడుగుతాం. ఈ విషయం మాత్రం ఎవరూ ఎత్తరు. సంబంధం పెద్దలు కుదిర్చినా, మీరే ప్రేమించుకున్నా, చెప్పాల్సిన మాట ఒకటే.

కరెన్ కాలానికీ మనకూ పెద్ద తేడా ఉంది. సిఫిలిస్ తొలి దశలో ఉంటే 24 లక్షల యూనిట్ల బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఒక్క విడతతో నయమవుతుంది. ముదిరితే వారానికొకటి చొప్పున మూడు విడతలు. నరాలకు పాకితే ఆసుపత్రిలో చేరాల్సి ఉంటుంది. పరీక్ష, మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో ఉచితం.

ఈ రోజుల్లో చెప్పాలా వద్దా అని ఎక్కువమంది మథనపడేది జననాంగాల హెర్పిస్ గురించి. ఇది వైరస్. ఒంట్లోంచి పూర్తిగా పోదు. అయితే ప్రాణం తీసేది కాదు, సంతానానికి అడ్డూ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వారిలో ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా ఇది ఉంది. చాలామందికి ఉన్నట్టే తెలియదు. పొక్కులు లేనప్పుడు కూడా అంటుకోవచ్చు. అందుకే చెప్పడం ముఖ్యం.

చెబితే లాభమేమిటంటారా? అమెరికాలో కొత్తగా హెర్పిస్ సోకినవారి మీద చేసిన ఒక అధ్యయనం 2006లో వచ్చింది. తమకు హెర్పిస్ ఉందని భాగస్వామి ముందే చెప్పిన జంటల్లో అది అంటుకోవడానికి మధ్యస్థంగా 270 రోజులు పడితే, చెప్పని జంటల్లో 60 రోజులే పట్టింది. తెలిసినవాళ్లు జాగ్రత్త పడతారు, అంతే. రోజూ వాలాసైక్లోవిర్ వాడితే అంటుకునే ముప్పు దాదాపు సగానికి తగ్గుతుందని మరో అధ్యయనంలో తేలింది. కండోమ్ ముప్పును తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. పొక్కులున్న రోజుల్లో, అవి రాబోతున్నట్టు మంట, తిమ్మిరి మొదలైన రోజుల్లో దూరంగా ఉండటం తప్పనిసరి.

ఎలా చెప్పాలి?

• శారీరకంగా దగ్గరవ్వకముందే చెప్పండి. పెద్దలు చూసిన సంబంధమైతే నిశ్చితార్థం కాకముందే. నలుగురిలో కాదు, పెళ్లి చేసుకోబోయే మనిషితో మాత్రమే.

• ముందు మీరు జబ్బు గురించి తెలుసుకోండి. పేరేమిటి, ఎలా అంటుతుంది, ఏ మందు వాడుతున్నారు, ఎన్నాళ్లకోసారి తిరగబెడుతుంది అన్నవి చెప్పగలగాలి. మీరు భయపడుతూ చెబితే వినేవారికీ భయమే మిగులుతుంది.

• వెంటనే జవాబు అడగొద్దు. రెండు మూడు రోజులు సమయమివ్వండి. ఇద్దరూ కలిసి డాక్టరును కలవండి.

• వినేవారికి ఒక మాట. హెర్పిస్ ఉన్నంత మాత్రాన మనిషి నడవడి మీద తీర్పు చెప్పొద్దు. పెదాల మీద పొక్కులు తెచ్చే వైరస్ కూడా జననాంగాలకు చేరవచ్చు. ఏళ్ల కిందట సోకినది ఇప్పుడు బయటపడవచ్చు. మీకు కుదరదనిపిస్తే మర్యాదగా వద్దనండి, గుట్టు మాత్రం కాపాడండి.

• గర్భిణులు డాక్టరు దగ్గర ఏదీ దాచకూడదు. నెలలు నిండేటప్పుడు కొత్తగా హెర్పిస్ సోకితే బిడ్డకు ప్రమాదం. సిఫిలిస్ అయితే కడుపులో బిడ్డకే చేరుతుంది. అందుకే గర్భం నిలవగానే ఆ పరీక్ష చేస్తాం.

చట్టం సంగతీ తెలుసుకోండి. సోకే దశలో ఉన్న సుఖవ్యాధి హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకులకు ఒక కారణం. కానీ చట్టానికి భయపడి కాదు, ఎదుటి మనిషి మీద గౌరవంతో చెప్పాలి.

కరెన్ తనకు జరిగినదాన్ని దిగమింగుకుని గొప్ప పుస్తకాలు రాసింది. అందరికీ అంత ధైర్యం ఉండదు, ఉండాల్సిన పనీ లేదు. చెబితే సంబంధం తప్పిపోతుందేమోనని మీరు భయపడుతుంటే ముందు ఓపీకి రండి. మీ ఇంట్లోవాళ్లకు మేం చెప్పం. మీరు చెప్పాల్సిన మనిషికి ఎలా చెప్పాలో కలిసి ఆలోచిద్దాం.