థామస్ మన్రో

సర్ థామస్ మన్రో (1761 మే 27 – 1827 జూలై 6) ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి, దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరు, మద్రాసు గవర్నరు. రైత్వారీ పద్ధతిని స్థిరపరచిన వారిలో ముఖ్యుడు.

తొలి జీవితం

గ్లాస్గో నగరంలో ఒక వర్తకుని ఇంట జన్మించాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వలన తండ్రి వ్యాపారం దెబ్బతినగా, 1780లో సైనిక కాడెట్‌గా మద్రాసు చేరాడు. 1792 నుండి బారామహల్‌లో (నేటి ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతం) అలెగ్జాండర్ రీడ్ వద్ద రెవిన్యూ పని నేర్చుకున్నాడు.

దత్తమండలాలలో

1800లో నిజాం కంపెనీకి అప్పగించిన సీమకు దత్తమండలాలని పేరు. తరువాతి కాలంలో దీనినే రాయలసీమ అన్నారు. బుక్కపట్నం, కొత్తచెరువు, ధర్మవరం పరిసరాలన్నీ ఇందులోనివే. మన్రో అనంతపురం కేంద్రంగా 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. సుమారు 80 మంది పాలెగాళ్ళను అణచివేసి, ఊరూరా భూమి కొలిపించి, ప్రతి పొలానికీ శిస్తు కట్టాడు. ఆ ఏడేళ్ళలో ప్రభుత్వ రాబడి దాదాపు సగం మేర పెరిగింది.

అయితే ఈ శిస్తు పంటలో సుమారు 45 శాతమని మన్రోయే లెక్కగట్టాడు. వర్షాధారమైన ఈ మెట్టసీమలో అది మోయలేని బరువు. వాన తప్పిన ఏడు రైతు శిస్తు కోసం ఎద్దులను అమ్ముకుంటే, మరుసటి ఏడు వాన కురిసినా దున్నే దారి లేదు. పొలం బీడుపడితే ప్రభుత్వానికీ రాబడి లేదు. రైతు చేతిలో కొంత మిగిలితేనే సేద్యం పెరుగుతుందనీ, భూమికి అమ్మకపు విలువ వస్తుందనీ మన్రో గ్రహించాడు. 1807లో శిస్తును నాలుగో వంతు తగ్గించాలనీ, తోట భూములకు ఇంకా ఎక్కువ తగ్గించాలనీ సిఫారసు చేశాడు. బరువు మోపినవాడే దానిని దించమని అడగడం గమనార్హం.

ప్రభుత్వం అంగీకరించలేదు. మన్రో ఇంగ్లండు వెళ్ళిన పిమ్మట గ్రామాలను మొదట మూడేళ్ళకు, తరువాత పదేళ్ళకు గుత్తకిచ్చారు. గుత్తదారులు అనేకులు చితికిపోయారు, రైతులూ నష్టపోయారు. తాను కోరిన తగ్గింపును మన్రో 1820లో గవర్నరు అయ్యాకనే అమలు చేయించగలిగాడు. మధ్యలో గడిచినవి పదమూడేళ్ళు. ఒక పేద సీమకు అది చిన్న కాలం కాదు.

గవర్నరుగా

1822లో రాష్ట్రమంతటా దేశీయ పాఠశాలల లెక్కలు తీయించాడు. వీధిబడుల చరిత్ర వ్రాసేవారికి నేటికీ అవే ఆధారం. 1826లో ప్రతి తాలూకాకూ ఒక బడి ఉండాలని ప్రతిపాదించాడు.

మరణం

పదవీ విరమణకు ముందు దత్తమండలాలను మరొకసారి చూడవచ్చి, 1827లో పత్తికొండ వద్ద కలరాతో మరణించాడు. గుత్తిలో ఖననం చేసి, 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. మంత్రాలయం, గండి క్షేత్రాలలో ఆయనకు దైవదర్శనం కలిగిందని జనశ్రుతి. ఆయన స్మారకంగా పత్తికొండలో ప్రభుత్వం ఒక తోపు నాటించి, మెట్ల బావి త్రవ్వించింది.